పెళ్లికి ముందు తరగతులు: మా చర్చి సంఘంలో మేమిద్దరం చేరిన కోర్సు గురించి

పెళ్లి కుదిరిన పిల్లలు మా వార్డులో నన్ను పట్టుకుని అడుగుతుంటారు. "అక్కా, మీరు ఆ తరగతులకు వెళ్లారంట కదా, వెళ్లొచ్చా? ఊరికే శనివారాలు పోతాయా?" డ్యూటీ మధ్యలో ఒక్కొక్కరికీ కూర్చోబెట్టి చెప్పడం కుదరడం లేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. వెళ్లండి. ఇద్దరూ వెళ్లండి. ఒకరు విని వచ్చి ఇంకొకరికి చెబితే సరిపోయే కోర్సు కాదిది.

నేను గుంటూరులో ఒక ప్రభుత్వ ఆసుపత్రి క్యాజువాలిటీలో స్టాఫ్ నర్సుని. మా ఆయన మిర్చి యార్డు వైపు ఒక కోల్డ్ స్టోరేజీలో లెక్కలు రాస్తారు. మాది పెద్దలు కుదిర్చిన సంబంధం. ప్రధానం అయిన వారమే పాస్టరుగారు పిలిచి, గుడిలో పెళ్లి ప్రకటనలు (ఫలానా వాళ్లకు పెళ్లి, అభ్యంతరం ఉంటే చెప్పండని ఆదివారాలు చదివేవి) చదివే లోపు ఈ తరగతులు పూర్తి చేయాలన్నారు. నాకు పెద్ద ఆశలేమీ లేవు. భర్తకు లోబడాలి, అత్తమామల్ని చూసుకోవాలి, రోజూ కుటుంబ ప్రార్థన చేయాలి అని చెప్పి పంపిస్తారనుకున్నాను.

ముందు వసతి సంగతి చెప్పేస్తాను. శనివారం సాయంత్రం 5 గంటలకు, గుడి వెనకాల సండే స్కూలు గదిలో పెడతారు. జంటకు 500 రూపాయలు. నోటు పుస్తకం, టీ, పకోడీ అందులోనే. ఇవ్వలేనివాళ్లను అడగరు. బెంచీలు చిన్నపిల్లలవి, పొడుగువాళ్లకు నడుము నొప్పి ఖాయం. పక్క హాల్లో అదే టైముకు పాటల ప్రాక్టీసు జరుగుతుంది, చెప్పేవాళ్ల గొంతు మెత్తన, వెనక కూర్చుంటే సగం వినపడదు. ముందు వరసలో కూర్చోండి. నాలాగా షిఫ్టు డ్యూటీ వాళ్లకు మాత్రం ఈ కోర్సువాళ్లు చాలా సాయం చేశారు. నైట్ డ్యూటీ పడ్డ వారం ఆదివారం ఆరాధన అయ్యాక మా ఇద్దరికీ విడిగా చెప్పారు.

చెప్పేది పాస్టరుగారు కాదు. మా సంఘంలోనే ఉండే ఒక ముసలి జంట. ఆయన హైస్కూల్ హెడ్‌మాస్టరుగా రిటైరయ్యారు, ఆవిడ ఆరోగ్య శాఖలో సూపర్‌వైజరుగా చేసి దిగారు. అందరూ ఆయన్ని మాస్టారనీ, ఆవిణ్ని మేడం అనీ పిలుస్తారు. ఇద్దరూ కలిసి నిలబడి చెబుతారు. ఒకరు చెప్పింది తప్పనిపిస్తే రెండోవాళ్లు అక్కడే, అందరి ముందే సరిచేస్తారు. సగం పాఠం నాకు అదే.

మొదటి తరగతిలో మాస్టారు మా శుభలేఖలు బల్ల మీద పెట్టమన్నారు. దాదాపు అన్నిటి మీదా ఒకటే వాక్యం. "ప్రేమ దీర్ఘకాలము సహించును, దయ చూపించును." మాది కూడా అదే, బంగారు రంగు అక్షరాల్లో వేయించాం. బైబిల్లో ఉన్న ఈ మాట, తొలి తరం క్రైస్తవ బోధకుడు పౌలు ఎవరి పెళ్లికి రాశాడని అడిగారు మాస్టారు. ఎవరూ మాట్లాడలేదు. అది ఎవరి పెళ్లికీ రాసింది కాదు. కొరింథు అనే రేవు పట్నంలో ఉన్న సంఘానికి, క్రీస్తు శకం 50ల నడుమ, ఎఫెసు అనే ఇంకో పట్నం నుంచి రాసిన ఉత్తరంలో, 13వ అధ్యాయంలో ముక్క అది. పౌలు అంతకుముందు ఆ ఊళ్లో ఏడాదిన్నర ఉండి వచ్చాడు, ఆ మనుషులు ఆయనకు బాగా తెలుసు. ఆ సంఘం నిండా తగాదాలే. నేను పౌలువాడినంటే నేను అపొల్లో అనే ఇంకో బోధకుడివాడినని పార్టీలు కట్టుకున్నారు. ఒక విశ్వాసి మీద ఇంకో విశ్వాసి కోర్టుకెక్కాడు. నాకు దేవుడిచ్చిన పెద్ద వరం ఉందంటే నాకింకా పెద్దదుందని పోటీలు. ప్రభువు బల్ల దగ్గర, అంటే యేసును తలుచుకుని అందరూ రొట్టె, ద్రాక్షరసం పంచుకునే చోట, అయితే మరీ ఘోరం, ఉన్నవాళ్లు ముందే వచ్చి తిని తాగేస్తుంటే లేనివాళ్లు ఆకలితో కూర్చునేవాళ్లు. "ఒకడు ఆకలిగొనును మరియొకడు మత్తుడవును" అని 11వ అధ్యాయంలో ఉంది. ఆ గొడవలన్నీ ఏకరువు పెట్టి, 12లో వరాల తగాదా ఎత్తి, 14లో మళ్లీ దాన్నే పట్టుకునే ముందు, మధ్యలో 13 రాశాడు.

ఇంట్లో బైబిలు పక్కన పెట్టుకుని మొదటి అధ్యాయం నుంచి వరసగా చదువుకు రమ్మన్నారు. నేను చిన్నప్పటి నుంచి 13వ అధ్యాయం కంఠతా చెప్పి బహుమతులు తెచ్చుకున్నదాన్ని. కానీ ముందున్న పన్నెండూ చదివాక అది ఇంకోలా వినపడింది. ప్రేమ డంబముగా ప్రవర్తింపదు అన్నాడంటే అక్కడ డంబాలు పోయేవాళ్లు ఉన్నారు. స్వప్రయోజనమును విచారించుకొనదు అన్నాడంటే అక్కడ ఎవరి పళ్లెం వాళ్లు చూసుకునేవాళ్లు ఉన్నారు. ఒక్కొక్క మాట ఒక్కొక్క మనిషి ముఖం చూసి రాసినట్టుంది. పెళ్లికొడుకు, పెళ్లికూతురు ఒకరినొకరు చూసుకుని మురిసిపోవడం గురించి అందులో ఒక్క మాట లేదు. ఒకరి మీద ఒకరికి కోపం ఉన్నవాళ్లు ఒకే బల్ల దగ్గర ఎలా కూర్చోవాలో ఉంది.

ఆ రోజే మాస్టారు యోహాను సువార్త 13వ అధ్యాయం తీయించారు. యేసు శిష్యుల కాళ్లు కడిగాక "ఒకరినొకరు ప్రేమింపవలెనని మీకు క్రొత్త ఆజ్ఞ ఇచ్చుచున్నాను" అంటాడు. ఆజ్ఞ ఇచ్చాడు గనక ఇది చేసే పని అని మాస్టారి వాదన. నాకు నువ్వంటే ఇష్టం పుట్టాలి అని ఎవరూ ఎవరికీ ఆజ్ఞ ఇవ్వలేరు. లేచి నీళ్లు పెట్టు, కాళ్లు కడుగు అని ఇవ్వొచ్చు. ఆ కాళ్లు కడిగించుకున్నవాళ్లలో ఆ రాత్రే అప్పగించబోయే యూదా ఉన్నాడు, తెల్లారేలోపు నేనెరగనని బొంకబోయే పేతురు ఉన్నాడు. వాళ్లెవరో తెలిసే కడిగాడు. క్రైస్తవులం ప్రేమ అనేది అక్కడ మొదలవుతుంది, మనం మొదలుపెట్టింది కాదు. "ఆయనే మొదట మనలను ప్రేమించెను గనుక మనము ప్రేమించుచున్నాము" అని యోహాను పత్రికలో, అంటే ఆయన ఉత్తరంలో, ఉంది. ఈ మాటలు నేను ప్రసంగాల్లో ఎన్నోసార్లు విన్నవే. కానీ రేపు నాకు భర్త కాబోయే మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని వింటే తప్పించుకునే దారి ఉండదు.

ఈ కోర్సులో నాకు బాగా పనికొచ్చింది డబ్బు తరగతి. నోటు పుస్తకంలో ఇద్దరూ విడివిడిగా రాయాలి. జీతం ఎంత, చేతికొచ్చేది ఎంత, అప్పులు ఎన్ని, ఎవరికి, వడ్డీ ఎంత, చీటీలు ఏవి, ఇంటికి పంపేది ఎంత. రాశాక పుస్తకాలు మార్చుకుని చదువుకోవాలి. మా ఆయనకు చెల్లెలి పెళ్లికి చేసిన అప్పు నూటికి రెండు రూపాయల వడ్డీకి ఉందని నాకు అప్పుడే తెలిసింది. నా జీతంలోంచి మా తమ్ముడి ఫీజు ఇంకో రెండేళ్లు కట్టాల్సి ఉందని ఆయనకు అప్పుడే తెలిసింది. పక్క జంటలో ఒకమ్మాయి పుస్తకం చదివి చాలాసేపు మాట్లాడలేదు. మేడం ఆమెను బయటికి తీసుకెళ్లి కూర్చోబెట్టారు. ఆ జంట తర్వాతి శనివారం వచ్చారు, ఇద్దరూ.

ఆ పేజీ కింద ఇంకో ప్రశ్న ఉంది. "ఈ పెళ్లికి ఎవరు ఎవరికి ఏం ఇస్తున్నారు?"

అబ్బాయిలే జవాబు రాయాలి. సంఘంలో అందరికీ తెలిసిన విషయమే ఇది. ప్రసంగంలో కట్నం పాపమంటాం, ప్రధానం రోజు లోపలి గదిలో లెక్క తేల్చుకుంటాం. స్టేజీ మీద ఉంగరాలు, బైబిలు మార్చుకుంటాం, కింద పెద్దమనుషులు స్థలం కాగితాలు మార్చుకుంటారు. మాస్టారు గొంతు పెంచలేదు, ఎవర్నీ తిట్టలేదు. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం ప్రకారం తీసుకోవడం ఎంత నేరమో ఇవ్వడమూ అంతే నేరమని, కనీసం ఐదేళ్ల జైలు శిక్ష అని చదివారు. తర్వాత కొరింథు ఉత్తరం 13వ అధ్యాయం 5వ వచనం ఒక అబ్బాయితో చదివించారు. "స్వప్రయోజనమును విచారించుకొనదు." చదివించి, మీ పుస్తకంలో మీరు రాసిన అంకె పక్కన ఈ వచనం రాయండి, ఇంటికెళ్లి అమ్మానాన్నలకు చూపించండి అన్నారు. అంతే.

మా సంగతి ఉన్నదున్నట్టు చెబుతాను. మా ఆయన పుస్తకం ఇంట్లో చూపించారు. పెద్ద గొడవైంది. కొనాలనుకున్న బండి వద్దని ఆయన గట్టిగా కూర్చున్నారు, అది ఆగింది. అప్పటికే ఇచ్చిన డబ్బు అత్తగారింటి స్లాబుకు పోయింది, అది వెనక్కి రాలేదు. కోర్సు వల్ల కట్నం మాయమైపోతుందని నేను చెప్పను. కానీ ఒక మనిషి నా కోసం తన తండ్రి ఎదుట నిలబడి వద్దు అనడం నేను చూశాను. ఆ మనిషి మీద నాకు నమ్మకం అక్కడ కలిగింది. సినిమాకు తీసుకెళ్లినందుకో, ఫోన్లో తియ్యగా మాట్లాడినందుకో కాదు.

ఇంకో శనివారం ప్రభువు బల్ల గురించి చెబుతూ మాస్టారు మా ఊళ్ల సంగతి ఎత్తారు. మన జిల్లాల్లో చాలా ఊళ్లలో మాలపల్లెకో గుడి, మాదిగపల్లెకో గుడి ఉంటాయి. ఒకే దేవుడు, ఒకే బైబిలు, ఒకే పాటలు, పిల్లల్ని మాత్రం ఇచ్చి పుచ్చుకోరు. పై కులాల నుంచి వచ్చిన క్రైస్తవులు ఈ రెండిటికీ దూరంగా సంబంధాలు వెతుక్కుంటారు. మా తరగతిలో ఆ గీత దాటి ఒకరినొకరు ఇష్టపడిన జంట ఒకటి ఉంది. రెండు వైపులా పెద్దలు రామన్నారు. ఆ పిల్ల అడిగింది, "మాస్టారూ, మా నాన్న సంఘ పెద్ద. ప్రతి నెలా బల్ల దగ్గర రొట్టె పట్టుకుని నిలబడతాడు. నా పెళ్లికి మాత్రం రానంటున్నాడు. ఇందులో ప్రేమ ఎక్కడుంది?" మాస్టారు యోహాను మొదటి పత్రిక 4వ అధ్యాయం 20 చదివారు. "తాను చూచిన తన సహోదరుని ప్రేమింపనివాడు తాను చూడని దేవుని ప్రేమింపలేడు." చదివి, మీ నాన్నగారి దగ్గరకు నేను వస్తానమ్మా అన్నారు. వెళ్లారు కూడా. ఫలితం ఏమైందో ఆ ఇంటి విషయం గనక నేను రాయను. కోర్సు గది దాటి ఆ ముసలాయన ఎండలో బస్సెక్కి ఆ ఊరు వెళ్లాడని మాత్రం రాస్తాను.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి.

క్యాజువాలిటీలో రాత్రిపూట వచ్చే ఆడవాళ్లలో కొందరు మెట్ల మీద జారిపడ్డామంటారు. మెట్ల మీద పడితే రెండు చేతుల మీదా వేళ్ల గుర్తులు ఉండవు. డాక్టరుగారు పోలీసులకు తెలిపే మెడికో లీగల్ కేసు రాయమంటారా అని అడిగితే వద్దని తల ఊపుతారు. వాళ్లలో మా విశ్వాసులు కూడా ఉంటారు. ఒకామె నాతో అన్న మాట నేను మర్చిపోలేదు. "మా అయ్యగారు (పాస్టరుగారు) చెప్పారమ్మా, ప్రేమ అన్నిటిని ఓర్చును, నువ్వు ఓర్చుకుని ప్రార్థన చెయ్యి, అతను మారతాడు అని." ఆమె దవడకు కుట్లు వేయించాం.

అందుకే కొరింథు ఉత్తరం 13వ అధ్యాయంలోని ఆ 7వ వచనం తరగతికి వచ్చినప్పుడు నేను లేచి అడిగాను. "అన్నిటికి తాళుకొనును, అన్నిటిని ఓర్చును అంటే దెబ్బలు కూడానా?"

మాస్టారు పక్కకు జరిగి మేడంకు చోటిచ్చారు. ఆవిడ చెప్పింది నాకు అక్షరం అక్షరం గుర్తుంది. ముందు పై వచనం చదవమన్నారు, 6వది. "దుర్నీతి విషయమై సంతోషపడక సత్యమునందు సంతోషించును." దెబ్బను జారిపడటం అని రాయించుకునేది ప్రేమ కాదు, ఆ అబద్ధంలో ప్రేమ బతకదు అన్నారు. తర్వాత అదే ఉత్తరం 5వ అధ్యాయం తీయించారు. ఆ సంఘంలో ఒకడు తండ్రి భార్యతో ఉంటున్నాడు, అందరూ ఊరుకున్నారు. ప్రేమ అన్నిటిని ఓర్చునని రాసిన ఆ పౌలే, ఓర్చుకోండి అనలేదు. "ఆ దుర్మార్గుని మీలోనుండి వెలివేయుడి" అన్నాడు. ఓర్చుకోమన్నది ఒకరి లోపాలు ఒకరు, ఒకరి ఆలస్యాలు ఒకరు, ఒకరి మొండితనం ఒకరు. ఆ మాట ఇద్దరికీ రాసింది. బలమున్నవాడికి కొట్టే హక్కు, బలం లేనిదానికి ఓర్చే విధి అని పంచి రాసింది కాదు. ఇది చెప్పి, నోటు పుస్తకం వెనక అట్ట లోపల 181 అని రాసుకోమన్నారు, మహిళా హెల్ప్‌లైన్ నంబరు. 2005 గృహహింస చట్టం ప్రకారం భార్యకు ఆ ఇంట్లోనే ఉండే హక్కు ఉందని, రక్షణ ఉత్తర్వు అడగొచ్చని చెప్పారు. అబ్బాయిలు కూడా రాసుకోవాలన్నారు, మీ చెల్లికో మీ పక్కింటామెకో పనికొస్తుందని.

గుడి గదిలో, బైబిలు తెరిచి ఉన్న బల్ల దగ్గర, 181 నంబరు రాయించడం నేను ఎక్కడా వినలేదు. ఈ ఒక్క తరగతి కోసం ఆ 500 రూపాయలకు పది రెట్లయినా ఇస్తాను. మా పాస్టర్లందరికీ ఈ తరగతి పెట్టాలని మా స్త్రీల సమాజంలో అడిగాను, ఇంకా అడుగుతాను.

లోబడటం గురించి కూడా నేను భయపడ్డట్టు జరగలేదు. ఎఫెసు సంఘానికి రాసిన ఎఫెసీ పత్రిక 5వ అధ్యాయాన్ని అందరూ 22వ వచనం నుంచి మొదలుపెడతారు, భార్యలు లోబడాలని. మాస్టారు 21 నుంచి మొదలుపెట్టారు. "క్రీస్తునందలి భయముతో ఒకనికొకడు లోబడియుండుడి." భార్యలకు చెప్పింది మూడు వచనాల్లో అయిపోతుంది, 25 నుంచి భర్తల వంతు అధ్యాయం చివరిదాకా సాగుతుంది. క్రీస్తు సంఘం కోసం ప్రాణం ఇచ్చినట్టు ఇవ్వమని. మన దగ్గర ప్రసంగాల్లో చిన్న భాగమే పెద్దదైపోయిందని మేడం అన్నారు. నేను ఇంకొంచెం ముందుకెళ్లి గట్టిగా మాట్లాడాల్సిందనుకుంటాను. మాస్టారిది పాత తరం, "ఇంటికి పెద్ద భర్తే" అన్న మాట మధ్యమధ్య వస్తూనే ఉంది. ఉద్యోగం చేసే ఆడపిల్లలు దాని మీద ప్రశ్నలు వేయండి, ఆయన కోపం తెచ్చుకోరు.

చట్టం తరగతి పొట్టిగా ఉన్నా పనికొచ్చేది. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం మామూలుగా పెళ్లి ఉదయం 6 నుంచి సాయంత్రం 7 లోపు జరగాలన్నది మా బంధువుల్లో సగం మందికి తెలియదు. రిజిస్ట్రేషన్ ఎలా, సాక్షులు ఎవరు, ఏ కాగితాలు కావాలి అన్నవి ఒక పేజీలో ఇచ్చారు. 2001లో సవరించేదాకా క్రైస్తవ భర్తకు భార్య వ్యభిచారం ఒక్కటే విడాకులకు చాలేది, భార్యకు మాత్రం దానితో పాటు క్రూరత్వమో విడిచిపెట్టడమో కూడా చూపించాల్సి వచ్చేదన్న సంగతి విని మా తరగతిలో అబ్బాయిలే ఆశ్చర్యపోయారు. రిజిస్టరులో క్రైస్తవులమని సంతకం పెడితే ఎస్సీ సర్టిఫికెట్ ఏమవుతుందని ఒకబ్బాయి అడిగాడు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు హిందువులకు, తర్వాత చేర్చిన సిక్కులకు, బౌద్ధులకు తప్ప ఆ హోదా ఇవ్వదు. మాస్టారు అబద్ధం రాయమనలేదు, తేలిగ్గా తీసేయనూ లేదు. లాయరును కలవమని చెప్పి ఊరుకున్నారు. నా మాటగా చెబుతున్నా, మతం మారితే పల్లె మారదు, పేదరికం మారదు, అవమానం మారదు. పేదవాడు తన విశ్వాసాన్ని కాగితాల్లో దాచుకోవాల్సి రావడం అన్యాయం. కానీ ఈ ప్రశ్న ప్రతి బ్యాచిలో వస్తుందని తెలుసు గనక, ఆ రోజుకు ఒక లాయరును పిలిపిస్తే బాగుంటుంది.

శరీర సంబంధాల గురించి చెప్పే భాగం ఈ కోర్సులో బలహీనంగా ఉంది. ఆడపిల్లలకు మేడం విడిగా చక్కగా చెప్పారు, కుటుంబ నియంత్రణ పద్ధతులన్నీ ఆరోగ్య శాఖలో చెప్పినట్టే, సిగ్గు లేకుండా, స్పష్టంగా. అబ్బాయిలకు మాస్టారు అరగంటలో ముగించేశారంట. అదే కొరింథు ఉత్తరం 7వ అధ్యాయంలో భార్య దేహం మీద భర్తకు అధికారం ఉన్నట్టే భర్త దేహం మీద భార్యకూ ఉందని రాసిన వచనం చదివి వదిలేశారంట. ఆ వచనం మీద ఒక పూర్తి తరగతి కావాలి. ఆమె వద్దంటే ఆగడం కూడా ప్రేమేనని మగపిల్లలకు ఎవరో ఒకరు నోరు తెరిచి చెప్పాలి, వాళ్లకు అది ఇంట్లో చెప్పేవాళ్లు లేరు. ఒక డాక్టరును పిలవొచ్చు, మన సంఘంలోనే ఉన్నారు.

నేను అనుకోనిది ఇంకొకటి జరిగింది. పెళ్లి తరగతిలో ఒక సాయంత్రం పెళ్లి చేసుకోని ఇద్దరి గురించి చెప్పారు. ఒకరు పౌలు. ప్రేమ గురించి అంత రాసిన ఆ మనిషికి అప్పటికి భార్య లేదు, అదే ఉత్తరంలో తనే చెప్పుకున్నాడు. రెండోవారు అన్నా కుగ్లర్. 1883లో అమెరికా నుంచి గుంటూరు వచ్చి, ఆడవాళ్లకు ఆసుపత్రి కట్టి, 1930లో ఈ ఊళ్లోనే కన్నుమూసిన డాక్టరమ్మ. ఆమె పేరుతో ఉన్న ఆసుపత్రి గుంటూరు వాళ్లకు తెలుసు. ప్రేమకు పెళ్లి ఒక చోటు మాత్రమేనని, మీ ఇద్దరి మధ్యే దాన్ని దాచుకుంటే అది ఎండిపోతుందని మేడం అన్నారు. తరగతిలో మా కన్నా పెద్దదైన ఒక వాలంటీరు అక్క టీ అందిస్తూ ఉంటుంది, పెళ్లి చేసుకోలేదు. ఆ సాయంత్రం ఆమె టీ ట్రే పక్కన పెట్టి కూర్చుని వింది.

మార్కులు వేయమంటే ఐదుకు నాలుగు. ఒక మార్కు తగ్గించింది ముఖ్యంగా పెద్దవాళ్ల కోసం. తగాదాలు మా ఇద్దరి మధ్య నుంచి పుట్టినవి తక్కువ, అత్తగారు, మా అమ్మ, ఆడపడుచు మధ్య నుంచి పుట్టినవే ఎక్కువ. వాళ్లకు ఒక్క తరగతీ లేదు. కట్నం పేజీ అబ్బాయి ఇంటికి తీసుకెళ్లి చూపించే బదులు, తల్లిదండ్రుల్నే ఆ బెంచీల మీద కూర్చోబెట్టి మాస్టారే చదివిస్తే ఎంత గొడవ తగ్గేదో. ఈ మాట మాస్టారికి చెప్పాను. ఎవరూ రారమ్మా అన్నారు. ప్రకటనలు చదవాలంటే పెద్దలు ఒక్క శనివారం రావాలని నియమం పెట్టండి, వస్తారు అన్నాను. సంఘ కమిటీలో పెడతానన్నారు.

ఇంకో చిన్న మాట, పెళ్లయ్యాక ఆరు నెలలకు ఒకసారి పిలిచి కూర్చోబెడితే బాగుంటుంది. పెళ్లికి ముందు ఎంత చెప్పినా సగం అర్థం కాదు. మొన్న అప్పు వాయిదా గురించి మేమిద్దరం రెండు రోజులు మాట్లాడుకోలేదు. మూడో రోజు మా ఆయన నోటు పుస్తకం తీసి, ఆ పాత లెక్క కింద కొత్త లెక్క రాసి, నా టిఫిన్ క్యారేజీ పక్కన పెట్టి పనికి వెళ్లారు. డ్యూటీలో చదివాను, కింద నా లెక్క కూడా రాశాను. సాయంత్రం కూర్చుని తేల్చుకున్నాం. మా ఇద్దరికీ కోపం వచ్చినప్పుడు ఏం చేయాలో ఒక అలవాటు దొరికింది, అది ఆ కోర్సు నుంచే.

చేరాలనుకునేవాళ్లకు: పెళ్లి తేదీకి కనీసం మూడు నెలల ముందు పేర్లు ఇవ్వండి. మూడు ఆదివారాల ప్రకటనలు, తరగతులు రెండూ సరిపడాలి. మీ సంఘంలో ఇలాంటివి లేకపోతే పక్క సంఘంలో అడగండి, మా దగ్గరకు వేరే సంఘాల జంటలు కూడా వస్తారు. కథోలిక గుళ్లలో ఇవి ఎప్పటి నుంచో పెడుతున్నారు. బైబిలు, జీతం స్లిప్పు, అప్పు కాగితాలు ఉంటే అవి పట్టుకెళ్లండి. ఫోన్లు బయట బుట్టలో పెట్టమంటారు. డ్యూటీ పిలుపులు వచ్చేవాళ్లు ముందే చెబితే మేడం ఆ ఫోను తన దగ్గర పెట్టుకుని, మోగితే పిలుస్తారు.